పేరు దాచిన కత్తి



జపాన్‌లో పాత కత్తుల ప్రేమికులు కూడే సభ ఒకటి ఉంటుంది. బల్ల మీద ఐదు కత్తులు పెడతారు. పిడులు ఊడదీసి ఉంటాయి, ఒరలు పక్కన ఉంటాయి. పిడి లోపలికి దిగే భాగాన్ని, అంటే కమ్మరి తన పేరు చెక్కుకునే చోటును, కనబడకుండా కప్పేస్తారు. వచ్చినవాళ్ళు వరసగా ఒక్కొక్క కత్తికీ తలవంచి నమస్కరించి, చేతిలోకి తీసుకుని, దీపం వైపు అటూ ఇటూ వంచి చూస్తారు. చూశాక చీటీ మీద ఐదుగురు కమ్మరుల పేర్లు రాసి నిర్ణేతకు ఇస్తారు.

చీటీ తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో పేరు పక్కన ఒక్కో తీర్పు ఉంటుంది. పేరు సరిగ్గా కుదిరితే ‘అతారి’. ఆ కమ్మరి గురువునో, కొడుకునో, ముఖ్య శిష్యుణ్ణో రాస్తే ‘దోజెన్’, దాదాపు సరైనదే అని లెక్క. ప్రాంతం కుదిరింది కానీ మనిషి వేరు, కాలమే తప్పింది, ఇలా ఇంకొన్ని మెట్లు ఉన్నాయి. తప్పినవాళ్ళు ఆ సూచన పట్టుకుని మళ్ళీ వెళ్ళి చూస్తారు, మళ్ళీ రాస్తారు. ఏడువందల ఏళ్ళ కిందటి మనిషిని అతని చేతిపనిని బట్టి గుర్తుపట్టే ఈ విద్యకు కాంతేయ్ అని పేరు. జపాన్ పాత కత్తులను సేకరించడమంటే చివరికి ఈ చూపును సంపాదించుకోవడమే. డబ్బున్నవాళ్ళు కత్తిని ఒక్కరోజులో కొనగలరు, చూపు మాత్రం ఏళ్ళ తరబడి చూస్తేనే వస్తుంది.

ఇంతకీ ఏం చూస్తారు? మొదట ఆకారం. అది కాలాన్ని చెబుతుంది. 12, 13 శతాబ్దాల యోధుడు గుర్రం మీద పోరాడేవాడు. అతని కత్తి తాచి. వాదర నేలవైపు ఉండేలా దాన్ని నడుముకు వేలాడదీసుకునేవాడు. ఒంపు పిడి దగ్గరే లోతుగా మొదలై, మొన దగ్గరికి వచ్చేసరికి కత్తి సన్నబడుతుంది. 14వ శతాబ్దంలో ఉత్తర, దక్షిణ రాజసభల మధ్య సాగిన యుద్ధాల కాలంలో కత్తులు విపరీతంగా పెరిగాయి. మూడడుగులు దాటినవి, వెడల్పాటివి, పెద్ద మొనవి వచ్చాయి. ఆ తర్వాత కాలినడకన పోరాడే సైన్యాలు పెరిగాక, వాదర పైకి ఉండేలా నడికట్టులో దోపుకునే కటానా నిలిచింది. అప్పుడు ఆ పాత పొడుగు కత్తులను పిడివైపు నుంచి కోసి పొట్టి చేశారు. ఆ కోతలో ఎందరో గొప్ప కమ్మరుల పేర్లు పోయాయి. పేరు లేని గొప్ప కత్తులు ఇన్ని మిగలడానికి ఇదొక ముఖ్య కారణం. కాంతేయ్ అనే విద్య ఇంత అవసరమైందీ అందుకే.

ఆకారం తర్వాత చూసేది ఉక్కు. అది ప్రాంతాన్ని చెబుతుంది. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు సంపద ఇక్కడే ఉంది.

జపాన్‌లో మంచి ఇనుప రాయి తక్కువ. వాళ్ళకు ఉన్నది ఇనుప ఇసుక, కొండవాగుల్లో దొరికే నల్లటి ఇసుక. షిమానే ప్రాంతంలోని ఓకుఇజుమోలో దాన్ని ‘తతారా’ అనే మట్టి కొలిమిలో కరిగిస్తారు. కొలిమి తొట్టిలా పొడవుగా ఉంటుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆపకుండా బొగ్గు, ఇసుక, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఇసుక వేస్తూనే ఉంటారు. ఒక్క విడతకు సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పడతాయి. పెద్ద మేస్త్రీని ‘మురగే’ అంటారు. మంట రంగు, లోపలి శబ్దం, అడుగున కారే చిట్టెం తీరు చూసి ఎప్పుడు ఏం వేయాలో అతనే చెబుతాడు. చివరికి కొలిమిని పగలగొట్టి అడుగున ఏర్పడిన రెండున్నర టన్నుల ముద్దను బయటికి లాగుతారు. కొలిమి మళ్ళీ పనికిరాదు, వచ్చేసారికి కొత్తది కట్టాలి. ఆ ముద్దను ముక్కలు కొట్టి ఏరితే దొరికే మేలిమి ఉక్కే తమహగానే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పని ఆగిపోయింది. కమ్మరులకు సరైన ఉక్కు దొరక్క, జపాన్ కళాత్మక ఖడ్గ పరిరక్షణ సంఘం 1977లో అక్కడే మళ్ళీ కొలిమి వెలిగించింది. ఇప్పటికీ శీతాకాలంలో మాత్రమే నడుస్తుంది.

తెలుగు శ్రోతలకు ఇక్కడ మన కోనసముద్రం గుర్తుకు రావాలి. నిజామాబాద్ ప్రాంతంలోని ఆ ఊరి కమ్మరులు మూసలో కరిగించి తీసిన ఉక్కు గడ్డల కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని, 19వ శతాబ్దంలో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు రాసిపెట్టాడు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చినవాటి వెనక దక్షిణ భారతపు ఉక్కు ఉంది. రెండు దారులూ వేరు. మనవాళ్ళు మూసలో ఉక్కును పూర్తిగా కరిగించి, నెమ్మదిగా చల్లార్చారు. ఆ చల్లారడంలోనే ఉక్కు లోపల నమూనా పుట్టేది. జపాన్ కమ్మరికి దొరికిన ముద్ద ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా, మధ్యలో చిట్టెంతో ఉండేది. దాన్ని సుత్తెతో సరిచేయడం తప్ప అతనికి వేరే దారి లేదు. ఒక తేడా మాత్రం బాధ కలిగిస్తుంది. వాళ్ళ కొలిమి పడిపోయి లేచింది, మన మూసలు చల్లారిపోయాయి.

ఉక్కును కాల్చి, సాగగొట్టి, మధ్యకు గాటు పెట్టి మడిచి, మళ్ళీ సాగగొడతారు. ఇలా 10 నుంచి 15 సార్లు. పదిసార్లు మడిస్తే 1,024 పొరలు, పదిహేనుసార్లు మడిస్తే 32,768. తాపేశ్వరం మడత కాజాలో పిండిని మడిచి పొరలు తీసినట్టే, ఇక్కడా పొరల కోసమే మడతలు అనుకుంటాం. కానీ కమ్మరి ఉద్దేశం వేరు. ప్రతి మడతలోనూ చిట్టెం నిప్పురవ్వలుగా ఎగిరిపోవాలి, ఉక్కంతా ఒకే గుణానికి రావాలి. పొరలు ఆ శ్రమ మిగిల్చిన గుర్తు. బాగా సానపట్టిన కత్తి ఒంటి మీద ఆ గుర్తు చెక్క చారల్లా కనిపిస్తుంది. చెక్క పలక మీద ఉండేలాంటి చారలను ఇతామే అంటారు, నిలువు చారలను మసామే అంటారు. యమాతో కమ్మరులది నిలువు చార. క్యోటో ఉన్న యమాషిరో సీమలో, ముఖ్యంగా అవాతగుచి కమ్మరుల చేతిలో చార ఎంతో సన్నగా, తడి మెరుపుతో ఉంటుంది. బిజెన్, సోషు, మినో కలిపి ఇవి ఐదు సంప్రదాయాలు. కత్తిని చూసి అది ఏ సీమదో చెప్పడం అంటే ఈ చారలను చదవడమే.

మూడోది వాదర వెంట పాకే తెల్లటి అంచు. దాని పేరు హమోన్. ఆకారం కాలాన్ని, ఉక్కు ప్రాంతాన్ని చెబితే, ఇది మనిషిని పట్టిస్తుంది.

కత్తి తయారయ్యాక కమ్మరి దానికి మట్టి పూస్తాడు. బంకమట్టిలో బొగ్గు పొడి, సానరాయి పొడి కలిపిన పూత అది. వెన్నువైపు మందంగా, వాదరవైపు పలచగా పూసి, ఆరనిచ్చి, కొలిమిలో పెడతాడు. ఈ పని చీకటి గదిలో చేస్తారు. కాలిన ఉక్కు రంగును కంటితోనే కొలవాలి, వెలుతురుంటే కన్ను మోసపోతుంది. సరైన ఎరుపు రాగానే కత్తిని ఒక్కసారిగా నీళ్ళలో దింపుతాడు. పలచటి పూత ఉన్న వాదర క్షణంలో చల్లారి గట్టిపడుతుంది. మందపాటి పూత ఉన్న వెన్ను ఆలస్యంగా చల్లారి సాగే గుణం నిలుపుకుంటుంది. అలా గట్టిపడిన ఉక్కు కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వాదర సాగుతుంది, వెన్ను సాగదు, అందువల్ల కత్తి వెనక్కి ఒంగుతుంది. జపాన్ కత్తికున్న ఆ అందమైన ఒంపులో చాలాభాగం సుత్తె పని కాదు, నీళ్ళలో దానంతటదే పుట్టింది. ఎంత పుడుతుందో ముందే ఊహించి, కమ్మరి దాన్ని కొంచెం నిటారుగా వదిలిపెడతాడు. అన్నీ కుదిరినా వాదరలో చిన్న చీలిక వస్తే అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే.

పూతలో గీసిన గీతను బట్టి అంచు తిన్నగా ఉండవచ్చు, అలలా ఉండవచ్చు, లవంగ మొగ్గల గుత్తుల్లా ఉండవచ్చు. బిజెన్ సీమ లవంగ మొగ్గలకు పెట్టింది పేరు. ఆ అంచులోని కణాలు కంటికి విడివిడిగా తళుక్కుమంటే ‘నియె’ అంటారు, విడిగా కనిపించక పొగమంచులా కలిసిపోతే ‘నియోయ్’ అంటారు. కమకురాలో పనిచేసిన మసమునే నియెకు సాటిలేనివాడు. అతని అంచులో కణాల గుంపులు, మెరుపు గీతలు, ఒకచోట దట్టంగా ఒకచోట పలచగా పరుచుకుని ఉంటాయి. చిత్రమేమిటంటే మసమునే పేరు చెక్కిన కత్తులు బహు తక్కువ. జపాన్ చరిత్రలో అందరికన్నా పేరున్న కమ్మరి కీర్తి ఎక్కువగా పేరు లేని కత్తుల మీదే నిలబడింది.

ఇదంతా కనబడాలంటే సానపట్టేవాడు కావాలి. కమ్మరి పని అక్కడితో అయిపోతుంది. సాన అనేది వేరే వృత్తి, వేరే జీవితకాలపు సాధన. ముతక రాయి నుంచి నున్నటి రాయికి మెట్టుమెట్టుగా దిగుతారు. చివర్లో క్యోటో పరిసరాల్లో దొరికే ఉచిగుమోరి రాతిని పలచటి రేకుగా చేసి, బొటనవేలి కింద పెట్టి రుద్దుతారు. ఒక పొడుగు కత్తికి వారాలు పడుతుంది. హోనామి వంశం ఈ పనిలో శతాబ్దాల నాటిది. సైనిక పాలకులైన షోగన్‌ల కత్తులకు సానపట్టిందీ, వాటికి చీటీ రాసి విలువ కట్టిందీ వాళ్ళే. ఆ వంశపు హోనామి నిస్షూను 1975లో జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గౌరవించింది. ప్రతి సానలో కొంత ఉక్కు పోతుంది. అది తిరిగి రాదు. అందుకే అవసరం లేకుండా సానపట్టించడాన్ని మంచి సేకర్తలు పెద్ద తప్పుగా చూస్తారు.

ఒక్క చోట మాత్రం సానరాయి తగలనే కూడదు. అది నకాగో, పిడిలో దాగే భాగం. దాని మీది తుప్పును తుడవకూడదు, గీకకూడదు, మెరిపించకూడదు. కొత్తగా ఈ వైపు వచ్చినవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్నో కత్తులు బతుకుతాయి. ఆ నల్లటి తుప్పు రంగు వయసుకు సాక్ష్యం. ఆకురాయి గీతల వాలు, మేకు రంధ్రం తీరు, ఉలి దెబ్బల లోతు, అన్నీ అక్కడే ఉంటాయి. దొంగ పేరు చెక్కితే తుప్పు కింద కాక తుప్పు మీద ఉలి నడుస్తుంది. తెలిసినవాళ్ళు అది చూసే పట్టుకుంటారు. దొంగ పేర్లు లెక్కలేనన్ని. 17వ శతాబ్దపు కొతెత్సు మొదట కవచాలు చేసి, తర్వాత కత్తులకు మళ్ళాడు. అతని పేరుతో ఎన్ని నకిలీలు వచ్చాయంటే, కొతెత్సు కనిపిస్తే ముందు అనుమానించాలనేది సేకర్తల మధ్య మామూలు మాట.

విలువ గురించి ఒక కత్తి కథ చెప్పాలి. ఒసాఫునె ఊరి కమ్మరి నగమిత్సు 13వ శతాబ్దంలో చేసిన ఒక తాచికి తర్వాతి కాలంలో 600 కాన్‌ల ధర కట్టారు. అప్పటికి అది దిమ్మతిరిగే మొత్తం. మహాప్రజ్ఞాపారమిత సూత్రానికి తూర్పు ఆసియాలో ఉన్న గ్రంథభాగాలు కూడా 600. అందుకని ఆ కత్తికి ఆ సూత్రం పేరే పెట్టి ‘దైహన్న్యా నగమిత్సు’ అన్నారు. ఆచార్య నాగార్జునుడి పేరుతో ముడిపడిన ప్రజ్ఞాపారమిత సాహిత్యం ఒక జపాన్ కత్తికి పేరైంది. ఆ కత్తి ఇవాళ టోక్యో జాతీయ మ్యూజియంలో జాతీయ నిధిగా ఉంది.

ఇవి ఆయుధాలన్న సంగతి మరిచిపోయి మాట్లాడితే అది నిజాయితీ కాదు. మనుషుల్ని చంపడానికి చేసినవే. 20వ శతాబ్దపు యుద్ధంలో సైనికాధికారులు వీటిని ఆసియా అంతటా మోసుకెళ్ళారు. వాటిలో ఎక్కువభాగం ఫ్యాక్టరీల్లో కుప్పలుతెప్పలుగా తయారైనవి. కానీ కొన్ని ఇళ్ళలో తాతల నాటి కత్తికే మిలిటరీ పిడి తొడిగి కొడుకుతో పంపారు. 1945లో ఓటమి తర్వాత అమెరికా సైన్యం జపాన్‌లో కత్తులన్నీ అప్పగించమంది. ఎన్నో కరిగిపోయాయి, ఎన్నో సైనికుల సంచుల్లో సముద్రం దాటాయి. మసమునే చేసిన వాటిలో మేటి అనిపించుకున్న ‘హోంజో మసమునే’ తొకుగావా షోగన్‌ల వంశం చేతిలో తరాలుగా ఉండేది. 1945 డిసెంబరులో దాన్ని టోక్యోలోని మెజిరో పోలీస్ స్టేషన్‌లో అప్పగించారు. తర్వాతి నెల ఒక అమెరికన్ సైనికుడి చేతికి వెళ్ళింది. అక్కడితో దాని జాడ తెగిపోయింది.

మిగిలినవి దక్కాయంటే కొందరి పట్టుదల వల్లే. హొంమా జుంజి, సతో కాంజాన్ అనే పండితులు కల్నల్ విక్టర్ కాడ్వెల్‌ను కలిసి, ఏ కత్తి కళాఖండం, ఏది వట్టి ఆయుధం అన్నది విడదీసి చూపించారు. ఆయన విన్నాడు. ఆయుధంగా కాక కళగా రిజిస్టర్ చేసుకుని ఉంచుకునే దారి అలా తెరుచుకుంది. ఇంతకుముందు చెప్పిన పరిరక్షణ సంఘం 1948లో పుట్టింది. టోక్యోలోని అకబానే గిడ్డంగిలో పోగుబడిన వేల కత్తుల్లో మంచివి ఏరి దాచారు. వాటిలో సొంతదారులు తేలనివి 1999లో దేశమంతటి మ్యూజియాలకు చేరాయి.

సముద్రం దాటినవాటిలో తిరిగొచ్చిన కత్తి కథ కూడా ఉంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన వాల్టర్ కాంప్టన్ మందుల కంపెనీని నడిపిన డాక్టర్, జపాన్ కత్తుల సేకర్త. పాత సామాన్ల వ్యాపారం ద్వారా తన చేతికి వచ్చిన, కునిమునే అనే కమ్మరి చేసిన తాచి, కగోషిమాలోని టెరుకుని ఆలయం పోగొట్టుకున్న జాతీయ నిధి అని తెలిసింది. 1960లలో ఆయన దాన్ని ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా ఆ ఆలయానికి తిరిగి ఇచ్చేశాడు. సేకర్త అన్న మాటకు ఇంతకన్నా మంచి నమూనా దొరకడం కష్టం. ఆయన మరణానంతరం 1992లో న్యూయార్క్ వేలంలో ఆయన సేకరణలోని ఒక కమకురా కాలపు కత్తి 4,18,000 డాలర్లు పలికింది.

ఇటీవలి కాలానికి వస్తే, లవంగ మొగ్గల అంచు మహోద్ధృతంగా ఉన్న ‘సాంచోమో’ అనే బిజెన్ తాచి ఉంది. 16వ శతాబ్దపు సేనాని ఉఎసుగి కెన్షిన్ దగ్గర ఉండేది. అది తయారైన నేల ఇవాళ ఒకాయామాలోని సెతోఉచి అనే చిన్న నగరం. ఆ నగరం ప్రజల దగ్గర విరాళాలు పోగుచేసి, 50 కోట్ల యెన్‌లకు 2020లో ఆ కత్తిని కొని సొంత మ్యూజియంలో పెట్టుకుంది. 2015లో వచ్చిన ‘తోకెన్ రాన్బు’ అనే వీడియో గేమ్‌లో పేరున్న కత్తులే యువకుల రూపంలో పాత్రలు. ఆ ఆట ఆడిన అమ్మాయిలు మ్యూజియాల ముందు బారులు తీరారు. అసో ఆలయం నుంచి యుద్ధానంతరం మాయమైన ‘హోతారుమారు’ కత్తిని తిరిగి చేయించడానికి చందాలు అడిగితే, అనుకున్నదానికి ఎన్నోరెట్లు వచ్చాయి. ఆటతో మొదలైన ఇష్టం అసలు ఉక్కు దాకా తీసుకెళ్ళింది. పెద్దలు దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

మన దగ్గర ఈ వైపు ఆసక్తి ఉన్నవాళ్ళు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ విభాగంతో మొదలుపెట్టవచ్చు. అక్కడ సమురాయ్ కత్తులున్నాయి. కొనడం చివరి మెట్టు. దానికి ముందు ఆయుధ చట్టం ఏం చెబుతుందో కనుక్కోవాలి. జపాన్‌లో ప్రతి కత్తికీ రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, అది కత్తికి చెందుతుంది, యజమానికి కాదు. పరిరక్షణ సంఘం పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రాలకు నాలుగు మెట్లున్నాయి. కొత్తవాళ్ళకు ఆ పత్రమే రక్ష. చేతిలోకి వచ్చాక వాదరనూ ఒంటినీ వట్టి వేలితో తాకకూడదు, చెమట చాలు తుప్పు పట్టడానికి. కత్తి పైన మాట్లాడకూడదు, ఉమ్మి తుంపరలు పడతాయి. పాత నూనె మెత్తని కాగితంతో తుడిచి, లవంగ నూనె పలచగా రాసి, నునుపైన మెగ్నోలియా చెక్క ఒరలో పెట్టాలి. మన కోస్తా తేమలో ఈ పని ఇంకా తరచుగా చేయాలి.

కత్తులు చేయడం ఆగిపోలేదు. లైసెన్సు రావాలంటే గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు పనిచేసి, ప్రభుత్వం పెట్టే పరీక్షలో నెగ్గాలి. నెగ్గినా నెలకు రెండు పొడుగు కత్తులకు మించి చేయకూడదు. కమకురా కాలపు బిజెన్ కత్తుల ఒంటి మీద, అంచుకు పైన, మసక వెలుగు నీడ ఒకటి పరుచుకుని ఉంటుంది. దాన్ని ఉత్సురి అంటారు. తర్వాతి శతాబ్దాల్లో ఆ పద్ధతి చేజారింది. ఎందరో కమ్మరులు దానికోసం జీవితాలు వెచ్చించారు. నారా ప్రాంతపు కొండల్లో కొలిమి పెట్టుకున్న కవాచి కునిహిరా ఆ నీడను మళ్ళీ పట్టుకున్నాడు. 2014లో, పొడుగు కత్తుల విభాగంలో చాలా ఏళ్ళుగా ఎవరికీ ఇవ్వని మసమునే బహుమతిని ఆయన కత్తికి ఇచ్చారు.